1808 నాటి రాగి నాణెం దొరికిందా? అమ్మే ముందు ఇవి చూడండి

పాత నాణేనికి లక్షలిస్తామనే ప్రకటనలు మీ ఫోన్‌లోనూ కనిపించే ఉంటాయి. మెటల్ డిటెక్టర్‌తోనో, పొలం దున్నుతుండగానో రాగి నాణెం దొరికితే చాలామంది ముందు నొక్కేది వాటినే.

ముందు నాణేన్ని చూడండి. ఒకవైపు సింహాలతో ఈస్టిండియా కంపెనీ చిహ్నం, 1808. రెండోవైపు పర్షియన్ రాత, కింద ఇంగ్లిష్‌లో 'ఎక్స్ క్యాష్' అని ఉంటే అది మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండ్‌లో ముద్రించిన పది కాసులు. (ఆ క్యాష్ మన కాసే.) రాముడు, హనుమంతుడి బొమ్మలతో 1818 'అణా' అయితే మాత్రం కంపెనీ ముద్రించిందే కాదు.

పాతదంతా అరుదు కాదు. ఈ కాసులతో మద్రాసుకు బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ నౌక 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలో మునిగింది. 1980ల్లో అందులోంచి లక్షల నాణేలు తీశారు. అందుకే అరిగిన కాసు ధర సాధారణంగా వందల్లోనే. చింతపండుతో తోమితే అదీ తగ్గుతుంది.

ఇక చట్టం. భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ రోజు అనేవి రాయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు పడొచ్చు. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది.

కొనేవారు ముందుగా 'ఆర్‌బీఐ పన్ను', కమీషన్ అడిగితే మోసమే. పాత నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, అలాంటి రుసుములేవీ అడగబోమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.