బాట ఎవరిది? మాట ఎవరిది?

మన గుంటూరు సీమలో బండ్ల బాటను డొంక అందురు. వానకాలమున డొంక వెంట నడిచినవారికి నల్లరేగడి స్వభావమును వేరుగా చెప్పనక్కరలేదు. తడిసినపుడు ఉబ్బుట, ఎండినపుడు నెఱ్ఱెలు వారుట ఆ నేలకు సహజగుణములు. పత్తిని, మిరపను పుష్కలముగా పండించు ఈ నేలయే రోడ్డునకు మాత్రము పరమశత్రువు. కనుక ఇచట రోడ్డు వేయుట కంటె నిలుపుకొనుట కష్టము.

అయితే రోడ్డు ఎచట వేయవలెను, ఎంత వెడల్పున వేయవలెను, దానికై ఎవరి స్థలము పోవును, ఖర్చు ఎవరు భరింపవలెను అను ప్రశ్నలు కేవలము ఇంజనీర్లవి కావు. అవి ఊరి ప్రశ్నలు. వీనిపై నిర్ణయములు ఎట్లు జరుగునో, పౌరుడు ఏ ఘట్టమున తన మాట చెప్పుకొనవచ్చునో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్థానిక పాలన మనకు క్రొత్తది కాదు. గుంటూరు పురపాలక సంఘము 1866లోనే ఏర్పడినది. 1994లో నగరపాలక సంస్థ అయినది. 1882లో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానము స్థానిక సంస్థలలో ప్రజాప్రతినిధులకు చోటు కల్పింపవలెనని చెప్పినది. కాని సంస్థ ఉన్నంత మాత్రమున ప్రజల మాట చెల్లినట్లు కాదు. ఇందుకు చీరాల పేరాల ఉదంతమే తార్కాణము.

చీరాల నాడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లా అయినది. 2022 నుండి చీరాల బాపట్ల జిల్లాలో ఉన్నది. సుమారు 15 వేల జనాభా గల చీరాల, పేరాలలను కలిపి నాటి ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చినది. అంతకుముందు ఏటా 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను 40 వేల వరకు పెరిగినది. మగ్గముపై బ్రతుకు నేతగాండ్రకు, చిన్న రైతులకు ఇది మోయరాని భారము. మాకు పురపాలక సంఘము వలదని ప్రజలు మొరపెట్టుకొన్నను ప్రభుత్వము వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాలకు వచ్చి, అహింసతో పన్నులు నిరాకరించుట, ఊరు విడిచిపోవుట అను రెండు మార్గములను చూపిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున వేలాది ప్రజలు ఇండ్లు వదలి, ఊరి వెలుపల రామనగరము అను పాకల ఊరు కట్టుకొని ఎండకు, వానకు ఓర్చి సుమారు 11 నెలలు నివసించిరి. నాయకుడు చెరసాల పాలయ్యెను. తుదకు జనము అలసి తిరిగి ఇండ్లకు చేరిరి.

పురపాలక సంఘము చెడ్డదని ఈ కథకు అర్థము కాదు. పన్ను లేనిదే రోడ్డు లేదు, దీపము లేదు, మురుగుకాలువ లేదు. ఊరిని అడుగక చేసిన నిర్ణయము, మంచిదే అయినను, ఊరికి బరువగునని మాత్రమే దీని సారాంశము.

ఆ అడుగవలసిన బాధ్యతను నేడు రాజ్యాంగమే విధించినది. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ సవరణల వలన రోడ్లు, వంతెనలు పంచాయతీలకు, పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములలో చేరినవి. పల్లెలలో గ్రామసభకును, 3 లక్షలు అంతకు మించిన జనాభా గల పట్టణములలో వార్డు కమిటీలకును స్థానము లభించినది.

ఇక మొట్టమొదట తెలిసికొనవలసినది, ఏ రోడ్డు ఎవరి అధీనమున ఉన్నదో. ఒంగోలు, చిలకలూరిపేటల మీదుగా పోవు చెన్నై కలకత్తా రహదారి పూర్వము 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి, అది కేంద్రముది. రాష్ట్ర రహదారులు, ముఖ్యమైన జిల్లా రోడ్లు రోడ్లు భవనముల శాఖవి. పల్లెను పల్లెతో కలుపు రోడ్లలో పెక్కు పంచాయతీరాజ్ ఇంజనీర్ల పర్యవేక్షణలో ఉండును. ఊరిలోని వీధులు పంచాయతీవి, పట్టణ వీధులు పురపాలక సంఘమువి. ఈ భేదము తెలియక ఒక కార్యాలయమునకు ఈయవలసిన అర్జీని మరియొక కార్యాలయమున ఇచ్చి ఏండ్ల తరబడి ఎదురుచూచువారు ఎందరో!

రెండవది, మాట చెప్పవలసిన సమయము. పని ప్రతిపాదనలో ఉన్నపుడు గ్రామసభలో అడిగిన మాటకు విలువ కలదు. కంకర పరచిన పిమ్మట అడిగిన మాట గాలిలో కలియును. పాత రోడ్డుపైననే మరల మరల పొరలు వేయుటచే వీధి ఎత్తై, ఇండ్లు పల్లమై, వాననీరు గడప దాటి లోనికి వచ్చుట మనము చూచుచున్నదే. పాత పొరను తవ్వి వేయుడని, ముందుగా కాలువ కట్టుడని అంచనా తయారగునపుడే కోరవలెను. నల్లరేగడిలో నీరు నిలిచిన రోడ్డు నిలువదు. కనుక కాలువ లేని రోడ్డు సగము రోడ్డే.

భూసేకరణకు 2013 నాటి చట్టము ప్రకారము ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలోగా ఆక్షేపణలు తెలుపవచ్చును. వక్ఫు భూమి అయినచో వక్ఫు బోర్డునకు నోటీసు ఈయవలెను. కావున ఖబరస్తాన్ ప్రహరీ, ఈద్గాకు పోవు దారి, శ్మశానపు బాట వంటి విషయములు వచ్చినపుడు ఆవేశపడుటకు ముందు పత్రములు సిద్ధపరచుకొనుట మేలు. కడపటి ప్రయాణపు బాట ఏ మతమువారికైనను అవసరమే. దానిని అందరు కలిసి కోరినచో కాదనువారు అరుదు.

మూడవది, పని జరుగునపుడు కనిపెట్టుట. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రభుత్వ పనులను పరిశీలించుటకు, వాడిన సామగ్రి నుండి ధ్రువీకృత నమూనాలు పొందుటకు సైతము పౌరునికి హక్కు ఇచ్చినది.

చీరాల ప్రజలకు అడుగు హక్కు లేక ఊరు విడువవలసి వచ్చినది. మనకు ఆ హక్కు కలదు. కాని గ్రామసభనాడు కుర్చీలు ఖాళీగా ఉండుచున్నవి. అర్జీ వ్రాయగల చేయి, అంచనా చదువగల కన్ను విద్యార్థులకు కలవు. చదువురాని పొరుగువాని పక్షమున ఒక్క కాగితము వ్రాసి, వెంట నడచి, సభలో లేచి చదివినను మన చదువు సార్థకమగును. బాట అందరిదైనపుడు మాట కూడ అందరిది కావలెను.