మీకు తెలుసా? కట్లపాము పేరులో మన బంగారం

ప్రపంచ శాస్త్రవేత్తలు కట్లపాముల జాతిని ‘బంగారస్’ అంటారు. ఆ మాట మన తెలుగు ‘బంగారు పాము’ నుంచి పుట్టింది! విశాఖపట్నంలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు పాములపై 1796లో వేసిన పుస్తకంలో తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. మన రక్తపింజరిని ఇంగ్లీషులో పిలిచేది ఆయన పేరుతోనే.

2018 ఆగస్టులో కృష్ణా డెల్టాలోని దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగాయి. మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. అందుకే డెల్టా రైతు నాలుగు విషపాముల గుర్తులు తెలుసుకోవాలి.

రక్తపింజరి ఒంటిపై గొలుసులా మూడు వరుసల గుండ్రటి మచ్చలుంటాయి. కదిలిస్తే ప్రెషర్ కుక్కర్‌లా బుస కొడుతుంది. కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకోబోయేవారున్నారు, అది ప్రాణాంతకమైన పొరపాటు. కట్లపాము నిగనిగలాడే నలుపు, సన్నటి తెల్లకట్లు. రాత్రిపూట తిరుగుతుంది. కాటుకు దాదాపు నొప్పే ఉండదు, నిద్రలో కాటుపడినా చాలామందికి తెలియదు. నాగుపాముకు పడగే గుర్తు, కానీ ప్రతిసారీ విప్పదు. నాలుగోది చిన్నపింజరి, చూపుకు చిన్నదే, విషానికి కాదు. కాలువల్లో ఈదే నీరుకట్టెకు, ఎలుకలు తినే జెర్రిపోతుకు మనిషికి హాని చేసే విషం లేదు, వాటిని చంపకండి.

మన దేశంలో వాడే విషవిరుగుడు మందు ఆ నాలుగింటికీ పనిచేస్తుంది. కాబట్టి కాటేసిన పామును వెతికి పట్టుకోవాల్సిన పనిలేదు. గాయాన్ని కోయకండి, నోటితో పీల్చకండి, తాడు బిగించకండి. కదలకుండా పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.