నర్సు విద్యకు దగ్గరిదారి కలదా?

బరంపురమున మందుల దుకాణమునందో, రక్తపరీక్షాశాలయందో కొన్నేండ్లు పనిచేసిన యువతి నర్సు కాదలచినచో ఎంతకాలము చదువవలెను? మా బడిలో చదివి వెళ్లినవారు తరచుగా నన్నడుగు ప్రశ్న యిది.

అమెరికాలో ఇతర విషయములందు పట్టము పొందినవారికి సంక్షిప్త నర్సు విద్య కలదు. సెయింట్ లూయీ విశ్వవిద్యాలయము దీనిని 1971లో ప్రారంభించినది. అచట నేడిది సాధారణముగ 12 మొదలు 18 మాసములలో ముగియును. మన దేశమున అట్టి వెసులుబాటు లేదు. ఫార్మసీ చదివినవారును బి.ఎస్‌సి. నర్సింగునకు 4 సంవత్సరములు చదువవలసినదే. జి.ఎన్.ఎం. ముగించి నర్సుగా నమోదైనవారికి మాత్రము 2 సంవత్సరముల పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. కలదు. అనగా, కాలము తగ్గుటకు కారణము పాఠము తగ్గుట కాదు. అంతకుముందు రోగిచెంత నేర్చిన విద్యయే.

కనుక కొలది మాసములలో నర్సును చేసెదమను ప్రకటనలను నమ్మి రుసుము చెల్లింపకుడు. భారత నర్సింగు మండలి గుర్తింపు కలదేమో ముందు విచారింపుడు.

మఱియొక మాట. 1936లో ఒడిషాలో చేరిన ఈ గంజాము సీమలో రోగి తన నొప్పిని తెలుగున చెప్పుకొనవచ్చును, ఒడియాలో చెప్పుకొనవచ్చును. ఆ రెండును తెలిసిన నర్సు మందు వేళను తప్పక బోధింపగలదు. ఈ విద్యను ఏ సంక్షిప్త శిక్షణయు నేర్పజాలదు. మన పిల్లలకది ఇంటనే లభించుచున్నది. దానిని పోగొట్టకుందము.