ఫాదర్ లేకున్నా ఆగని జపమాల.. అక్టోబర్‌లోనే ఎందుకు?

విజయనగరం: అక్టోబర్ వస్తే కథోలిక విచారణల్లో సాయంత్రం జపమాల వినిపిస్తుంది. ఈ నెలను జపమాలకు కేటాయించాలని 1883లో పోప్ 13వ లియో పిలుపునిచ్చారు. 7వ తేదీన జపమాల మాత పండుగ.

విజయనగరం జిల్లా 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనం పరిధిలోకి వస్తుంది. విచారణ కింద ఉన్న పల్లెలన్నిటికీ ఫాదర్ రోజూ వెళ్లడం కుదరదు. దివ్యపూజకు గురువు ఉండాల్సిందే. జపమాలకు మాత్రం ఆ నిబంధన లేదు. ఉపదేశి, ఇంటి పెద్ద, తల్లి.. ఎవరైనా నడిపించొచ్చు.

ఎలా చెబుతారంటే.. ఒక్కో రహస్యానికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, చివర్లో త్రిత్వ స్తోత్రం. రోజుకు ఐదు రహస్యాలు. మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు, గురువారం వెలుగు రహస్యాలు. ఈ వెలుగు రహస్యాలను 2002లో పోప్ రెండో జాన్ పాల్ చేర్చారు.

గుడి దూరమైనా, పూజ లేని రోజైనా పల్లెలో ప్రార్థన ఆగకపోవడానికి కారణం ఇదే.