వైఫై పేరు అదే, లోపల తాళమే మారింది

నిన్న రాత్రి దాకా బాగా పనిచేసిన నెట్టు పొద్దున్నకి రాదు. ఫోన్లో వస్తాది, కంప్యూటర్లో రాదు. వైఫై పేరు కళ్ల ముందే కనిపిస్తాది. నొక్కితే మాత్రం కనెక్ట్ కాలేదని ఒక ముక్క చెప్పి ఊరుకుంటాది. ఎందుకో చెప్పదు. ఉద్యోగం అప్లికేషనుకి ఆఖరి రోజున ఇలగయితే మన చోడవరం కుర్రోళ్లు ఏటి చేస్తారు? వైఫై కార్డు పోయిందనుకుని రిపేరుకి పట్టుకెళ్లిపోతారు. కానీ చానాసార్లు కార్డుకేటీ అవదు. గొడవంతా లోపల దాచుకున్న పాత ప్రొఫైలుది.

ప్రొఫైలంటే ఏటి? మొదటిసారి వైఫైకి కలిపినప్పుడు కంప్యూటర్ మూడు సంగతులు రాసుకుంటాది. నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 లాంటి భద్రత రకం. రెండోసారి నుంచి మనల్ని అడగదు, ఆ రాత చూసుకుని తనే కలిసిపోతాది.

మన ఊరి సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఊరి పేరు మారలేదు, జిల్లా మారింది. విశాఖపట్నం జిల్లా అని ముందే నింపి ఉంచుకున్న ఫారం ఇప్పుడు పనికొస్తాదా? రౌటర్ కూడా అంతే. పేరు అలాగే ఉంచి పాస్‌వర్డ్ మార్చేస్తే, కంప్యూటర్ పాత పాస్‌వర్డే పట్టుకుని తలుపు కొడతాది. ఫోన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ మార్చినా ఇదే తంతు.

దీనికి మందు చిన్నదే. విండోస్ 10, 11లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ నొక్కండి. ఆ పేరు పక్కన ఫర్గెట్ నొక్కి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపండి. ఉబుంటులో అయితే వైఫై సెట్టింగ్స్‌లో పేరు పక్కన పళ్ల చక్రం బొమ్మ నొక్కితే ఫర్గెట్ కనెక్షన్ అని ఉంటాది. కాలేజీలో, ఆఫీసులో ఐపీ అడ్రసు చేత్తో కొట్టి పెట్టి ఉంటే, తీసే ముందు కాగితం మీద రాసుకోండి. ప్రొఫైలుతో పాటు అదీ పోవచ్చు.

నెట్టు రాకపోడం ఒక బాధ. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. దాచుకున్న పాస్‌వర్డ్‌ని కంప్యూటర్ ముందు కూర్చున్నోడు చూసీగలడు. కొత్త విండోస్ 11లో సెట్టింగ్స్‌లోనే చూపిస్తాది. అంచేత సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు ప్రొఫైళ్లన్నీ తీసీయండి. నెట్ సెంటర్ సిస్టమ్‌ని మీ హాట్‌స్పాట్‌కి కలిపితే, లేచే ముందు ఫర్గెట్ చెయ్యండి.

పాస్‌వర్డ్ లేని వైఫైతో ఇంకో చిక్కు. విశాఖ రైల్వే స్టేషన్‌లో రైల్‌వైర్ ఉచిత వైఫై ఉంది కదా, అలాటివాటికి తాళం ఉండదు, కలిసిన తరవాత ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతాది. అదే పేరుతో ఎవడైనా హాట్‌స్పాట్ పెడితే కంప్యూటర్‌కి తేడా తెలీదు. దానంతటదే కలిసిపోగలదు. ఇలాటివాటికి కనెక్ట్ ఆటోమేటికల్లీ దగ్గర టిక్కు తీసీయండి.

నేననేది ఏటంటే, తప్పంతా వాడేవోడి మీదకి తోసీడం న్యాయం కాదు. పాత పాస్‌వర్డ్ కుదరనప్పుడు 'దాచిన పాస్‌వర్డ్ సరిపోలేదు, కొత్తది కొట్టండి' అని తెలుగులో ఒక్క ముక్క చూపిస్తే, ఆఖరి రోజున అప్లికేషన్ ఆగదు, రిపేరు ఖర్చూ తప్పుతాది. సాఫ్ట్‌వేర్ చేసేవోళ్లని మనం అడగాల్సింది ఇదే. వాళ్లు మార్చేదాకా మన జాగ్రత్త మనదే. నెలకోసారి ఆ జాబితా తెరిచి, అక్కర్లేని పేర్లు తీసీయండి. రెండు నిమిషాల పని.