వేడికి నీరు వదలు హైడ్రోజెల్ చేనికి పనికివచ్చునా?

మారేడ్‌పల్లిలో మేడపై కుండీలలో కూరగాయలు పెంచు ఒక పెద్దమనిషి, "ఎండ ముదిరినప్పుడు తానే నీరు వదలు హైడ్రోజెల్ ఉన్నదట. ఊళ్లో మా మిరపచేనికి వేయవచ్చునా?" అని అడిగినారు. దీని సమాధానము రైతు సోదరులందరికి ఉపయోగపడును.

సబ్జా గింజలు నీటిలో వేసిన ఉబ్బి జిగురు పట్టుట మీరు చూచియే యుందురు. హైడ్రోజెల్ అట్టిదే. పొడవైన అణుగొలుసులు వలవలె ముడిపడగా ఆ వలకన్నులలో నీరు నిలుచును. ఈ ముడులు వేయుటకు రసాయనములు గాని, కోబాల్టు-60 నుండి వెలువడు గామా కిరణములు గాని వాడుదురు. కిరణములు నీటి అణువులను చీల్చగా పుట్టిన చురుకైన ముక్కలు గొలుసులను తాకి, అవి ఒకదానితో నొకటి అతుకుకొనునట్లు చేయును. ఇందువలన జెల్‌లో రేడియోధార్మికత మిగులదు, భయపడ నక్కరలేదు.

పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అను పదార్థముతో చేసిన జెల్‌కు ఒక విశేషము గలదు. చల్లని నీటిలో ఉబ్బును. సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే ముడుచుకొని నీటిని వదలును. మందులను శరీరములో మెల్లగా విడుదల చేయు పరిశోధనలకు ఈ గుణము ఉపకరించుచున్నది. అయితే మన వేసవిలో పైమన్ను పగటివేళ 32 డిగ్రీలు దాటుట మామూలే. నీరు దాచవలసిన వేళనే ఇది వదలివేయును. కావున చేనికి ఇది తగినది కాదు.

చేనికొరకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా హైడ్రోజెల్‌ను రూపొందించినది. ఇది కిరణములతో గాక రసాయన పద్ధతిలో తయారైనది; వేడి నేలలందును నీరు పట్టును. తన బరువునకు 350 రెట్లు శుద్ధజలమును పీల్చును. మోతాదు ఎకరమునకు 1 నుండి 2 కిలోలు.

ఇక లెక్క చూడుడు. 2 కిలోల జెల్ పట్టునది 700 లీటర్లు. ఎకరముపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసిన సుమారు 4,000 లీటర్లగును. కావున జెల్ ఒక తడికి బదులు కాజాలదు. వేరుచెంత తేమ నిలుపుటయే దాని పని. అందుచే చేనంతయు వెదజల్లక, విత్తనముతోపాటు సాలులో వేయవలెను. తడి అందినప్పుడెల్ల మరల ఉబ్బును.

ఉప్పునీటిలో జెల్ తక్కువగా ఉబ్బును. కొనుటకు ముందు రెండు గ్లాసులలో ఒకదాన వాననీరు, రెండవదాన మీ బోరునీరు సమముగా పోసి, చిటికెడు చొప్పున పొడి వేసి మరునాడు పోల్చి చూడుడు. పిదప మొదటి ఏడు నాలుగు సాళ్లలో మాత్రమే వేసి, ప్రక్క నాలుగు సాళ్లు విడువుడు. రెండింటి దిగుబడిని వేరువేరుగా తూచి, ఖర్చు గిట్టినచో మిగిలిన చేనికి వేయుడు.