కోలారు సీమలో ఇంటి పాట: భజన గోష్ఠి నుండి సెల్‌ఫోను గోష్ఠి వరకు

సంగీతము వృత్తిగా గల విద్వాంసులను గూర్చి మనలో వ్రాసినవారు పెక్కుమంది గలరు. సభలలో పాడక, బిరుదులు గోరక, పగలెల్ల వేరొక పని చేసికొని సాయంకాలమున నాలుగు కీర్తనలు పాడుకొను సామాన్యులను గూర్చి వ్రాసినవారు తక్కువ. నిజమునకు ఏ సీమయందైనను పాటను నిలిపినవారిలో హెచ్చుపాలు వీరే. కోలారు జిల్లాయందును, అందలి బంగారు గనుల పట్టణమునందును ఇట్టి పాటగాండ్రు నేడు తమ పాటను ఇంటిలోనే ధ్వనిముద్రణము చేసి, ఒకరికొకరు పంపుకొని, విని, మెచ్చుకొని, దిద్దుకొనుచున్నారు. ఈ పద్ధతి ఎట్లు నడచుచున్నది, దీనివలన తెలుగునకు కలుగు మేలేమి, చిక్కులేమి అను విషయమును వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

కోలారు కర్ణాటక రాష్ట్రములోనిదైనను తూర్పున చిత్తూరు సీమను ఆనుకొని యున్నది. ఇచ్చటి పల్లెలలో పెక్కింటియందు తెలుగు తరతరములుగా ఇంటి భాష. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. గనుల పట్టణమునకు వచ్చినచో వీనికి తోడు తమిళము. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు గనుల పని చేపట్టిన పిమ్మట ఉత్తర ఆర్కాటు జిల్లానుండి కూలిజనము పెద్దయెత్తున వచ్చి చేరెను. చిత్తూరు నాడు ఆ జిల్లాలోనిదే యని మరువరాదు. ఛాంపియన్ రీఫ్, ఊరుగాము, మారికుప్పము మొదలగు చోట్ల వారు నివసించిన ఇండ్ల వరుసలకు 'లైన్లు' అని పేరు. ఆ లైన్లలో తెలుగు పాట, తమిళ పాట ప్రక్కప్రక్కనే పెరిగినవి.

ఇట్టి జనులకు సంగీత పాఠశాల భజన గోష్ఠియే. అందు ఒకడు పల్లవి నెత్తుకొనును, తక్కినవారు వంత పాడుదురు. గొంతు బాగులేనివాడును వంతలో కలిసిపోవును. తప్పు పాడినవానిని ఎవరును ఎత్తిచూపరు. ప్రక్కవాడు కొంచెము గట్టిగా పాడి దారికి తెచ్చును. ఈ పద్ధతి మర్యాద యెంతటిదో, శిక్షణ యంతటిది. ఈ సీమలో పాట పండితుల సొత్తు కాదనుటకు కైవార నారేయణ తాతగారే తార్కాణము. 1726లో పుట్టి 1836లో సిద్ధిపొందిరని సంప్రదాయము చెప్పు ఆ మహనీయుడు గాజులమ్ముకొని బ్రదికినవాడు. తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను. కైవారము 2007 వరకు కోలారు జిల్లాలోనిదే. ఆ యేట చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడగా అందు చేరినది. నేటికిని గురుపూర్ణిమ నాళ్ళలో అచ్చట రేయింబవళ్ళు సంగీతారాధన జరుగును. పేరుమోసిన విద్వాంసులతోపాటు ఊరూరి భజనపరులకును అందు చోటు గలదు.

ఇక యంత్రముల మాట. శివసముద్రమునుండి కోలారు గనులకు విద్యుచ్ఛక్తి వచ్చినది 1902లో. మన దేశమున మొదటి గ్రామఫోను ముద్రణములు కలకత్తాలో జరిగినదియు ఆ యేటనే. అయితే ఈ రెంటికిని సంబంధము కల్పింపరాదు. నాటి గ్రామఫోనును చేతితో త్రిప్పి నడపెడివారు, దానికి విద్యుత్తుతో పనిలేదు. గ్రామఫోను సామాన్యునకు వినుట నేర్పినది గాని, అతని పాటను వినలేదు. ఆ పనికి పూనుకొనినవారు మైసూరు సంస్థానమునందు గలరు. 1935లో మనస్తత్వశాస్త్ర ఆచార్యులగు ఎం. వి. గోపాలస్వామిగారు మైసూరులోని తమ యింటిలో 30 వాట్ల చిన్న ప్రసారయంత్రమును నెలకొల్పి మాటలను, సంగీతమును ప్రసారము చేయసాగిరి. మైసూరు ప్రభుత్వము పూనుకొనకమునుపే ఒక గృహస్థు తన యింటి గదినుండి ఊరికి పాట వినిపించుట సామాన్యమైన సాహసము కాదు. 'ఆకాశవాణి' అను పేరు ఆ కేంద్రమునకు నాడే చెల్లినది. నేడు ఇంటినుండి పాట పంపువారందరు, ఎరిగియో ఎరుగకయో, ఆయన త్రోవ త్రొక్కినవారే.

ఆ తరువాత వచ్చినది క్యాసెట్టు. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు దానిని వెలువరించిరి; మన దేశములో మధ్యతరగతి యిండ్లకు అది 1970ల చివర, 1980లలో చేరినది. ఒక మీట నొక్కినచో పాట వినబడును, రెండు మీటలు కలిపి నొక్కినచో మన పాటయే అందు నిలుచును. పెండ్లిపాటలు, మంగళహారతులు, అవ్వల లాలిపాటలు తొలిసారి ఇండ్లలో నిలిచినది ఈ టేపులందే. వానిని పలుమారులు చెరిపి సినిమా పాటలు నింపుకొన్న కుటుంబములును లేకపోలేదు.

సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ముద్రించుట, పంపుట అను రెండు పనులు ఒక్క పనిగా మారినవి. 2016లో జియో సంస్థ రాకతో డేటా వెల మిక్కిలి తగ్గెను. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధింపబడగా భజన మందిరములు మూతపడెను. కూడి పాడుటకు వీలులేని ఆ నెలలలో పెక్కుమంది వాట్సాప్ గ్రూపులలో ఒంటరిగా పాడి పంపుకొనుట అలవరచుకొనిరి. కోలారు గనులవారి విషయమున మరియొక కారణము గలదు. 2001లో గనులు మూతపడిన తరువాత అనేకులు తెల్లవారుజామున మారికుప్పమునందో బంగారుపేటయందో రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి రాత్రి తిరిగి వచ్చుచున్నారు. వారమునకు ఒక సాయంకాలమైనను గోష్ఠికి కూడుట అట్టివారికి దుర్లభము. చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొని రైలులో స్నేహితుని పాట వినుట మాత్రము సులభము.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఫోనులో అందరును ఒకేసారి కూడి పాడరాదా? పాడరాదు, దానికి కారణము ధ్వనిశాస్త్రములో నున్నది. గాలిలో శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. కలిసి పాడు ఇద్దరి నడుమ 30 మిల్లీసెకండ్ల జాగు, అనగా పది మీటర్ల దూరమున నిలిచినంతటి జాగు, వరకు తాళము ఎట్లో నిలుచును. వీడియో కాల్‌లో ఈ జాగు తరచుగా 150 మిల్లీసెకండ్లను మించును. అనగా మృదంగము వాయించువాడు యాభై మీటర్ల ఆవల కూర్చున్నట్లే. ఒకడు రెండవవానికొరకు ఆగును, రెండవవాడు మొదటివానికొరకు ఆగును, పాట అడుగడుగునకు మందగించి తుదకు నిలిచిపోవును. అందుచేత కలిసి పాడవలెనన్నచో ఒకడు ముందుగా పాడి పంపవలెను. రెండవవాడు దానిని చెవిలో వినుచు తన వంతు పాడి చేర్చవలెను. స్మ్యూల్ వంటి యాప్‌లు చేయునది ఇదియే. చూచితిమేని ఇది మన పల్లవి, వంతల పద్ధతియే; నడుమ ఒక పూట యెడము మాత్రము హెచ్చు.

ఇట్లు పాడుటలో శ్రుతి మొదటి చిక్కు. పురుషులు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోను, స్త్రీలు ఐదు, ఐదున్నరలోను పాడుదురు. పంపిన పాట ఒకరికి హాయి, మరియొకరికి గొంతునొప్పి. ముందుగా ఏ శ్రుతియో వ్రాసి పంపుట మేలు. రెండవ చిక్కు తంబుర. సెల్‌ఫోను మాటల కొరకు చేయబడినది గాని పాట కొరకు కాదు. ఎడతెగక ఒకే తీరున మ్రోయు ధ్వనిని అది ఫ్యాను చప్పుడుగా నెంచి అణచివేయును. పాపము, తంబుర నాదము దాని దృష్టిలో ఫ్యాను చప్పుడే! అట్లే మెల్లగా పాడినదానిని పెంచి, గట్టిగా పాడినదానిని తగ్గించుటచే పాటలోని ఎత్తుపల్లములు చదునగును. చప్పుడు నణచు ఏర్పాటు లేని రికార్డింగు యాప్‌ను ఎన్నుకొని, తంబురను వేరొక ఫోనులో పెట్టి ఇయర్‌ఫోనులో వినుచు పాడినచో ఈ బాధ చాలవరకు తీరును. కోలారు పల్లెలలోని రాతిబండల యిండ్లలో గొంతు ఖంగున మ్రోగి మాట చెదరును. నాలుగు బొంతలు గోడకు వ్రేలాడదీసిన గది స్టూడియోకు దీటు కాకున్నను మాట తేటగా వినిపించును.

ఇంతకంటె ముఖ్యమైనది భాష విషయము. కర్ణాటక సంగీతమున త్యాగరాజస్వామి కృతులు మొదలుకొని పెక్కు రచనలు తెలుగున నున్నవి; వానిని పాడువారిలో తెలుగు చదువనేర్చినవారు అందరును కారు. గనుల పట్టణమున తమిళ లిపిలో కృతులు చదివి పాడువారు కలరు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరమొక్కటే. సంగీత గ్రంథములలో అక్షరము ప్రక్క అంకెలు వేసి భేదము చూపుదురు గాని, పాడు తొందరలో ఆ అంకెలను చూచువారెవరు? 'దాత' 'తాత' యగును, 'బాల' 'పాల' యగును, 'రాధ' 'రాదా' యను ప్రశ్నగా మారును. కన్నడ లిపిలో ఈ దోషము లేదు. అందు మన అక్షరములన్నియు నున్నవి. అయినను 'చక్కని', 'చాలు' అను మాటలలోని దంత్యమైన చకారము ఆ లిపిలో కానరాదు. నేటి తెలుగు వ్రాతలోను కానరాదు గదా యని అడుగవచ్చును. నిజమే, కాని తెలుగువాని చెవి దానిని ఎరుగును. పుస్తకము చెప్పలేనిదానిని చెవి చెప్పవలెను.

ధ్వనిముద్రణము చేయు మేలు ఇచ్చటనే యున్నది. తెలుగు ఇంటి భాషగా గల అవ్వ ఒకతె కృతిని పాడనక్కరలేదు, సాహిత్యమును పదపదముగా విడదీసి రాగము లేక ఒకమారు చదివి పంపినను చాలును. తమిళ సోదరుడు దానిని పదిమార్లు విని తన పాటను దిద్దుకొనగలడు. రాగము కొరకు మాటను ఎక్కడ విరువవచ్చునో, ఎక్కడ విరిచినచో అర్థము చెడునో ఇట్టి చదువు వలన తెలియును. దీనికి మారుగా గమకమునందో తాళమునందో అతడు ఆమె మనుమనికి సాయపడవచ్చును. మరియొక ప్రక్క, కోలారు జిల్లాలో తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరము నెరుగని పిల్లలు అనేకులు గలరు. వారు తెలుగు పాటను కన్నడ లిపిలో వ్రాసికొందురు. దీనిని చూచి కోపించుట తగదు. పాట నిలుచుచున్నది కదా. అయితే పాటతోపాటు దాని సాహిత్యమును తెలుగు లిపిలో, క్రింద కన్నడ లిపిలో కలిపి పంపినచో, ఇదివరకే కంఠస్థమైన మాటను పిల్లవాడు క్రొత్త అక్షరములలో పోల్చుకొనును. రెండు లిపులును అక్కచెల్లెండ్ర వంటివి. తలకట్టు భేదము, కొన్ని అక్షరముల రూపభేదము తెలిసినచో తక్కినది త్వరగా పట్టువడును.

ప్రోత్సాహమును గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. గ్రూపులో పాట పడినంతనే ముప్పది చేతులు జోడించిన బొమ్మలు, బొటనవ్రేళ్ళు వచ్చి పడును. అందు సగము పాట పూర్తికాక మునుపే వచ్చినవి! పాట అయిదు నిమిషములు, మెప్పు అయిదు సెకండ్లలో. ఇట్టి మెప్పు తొలిసారి పాడినవానికి ధైర్యమిచ్చుననుట నిజము; పదియవసారికిని అదియే వచ్చినచో అతడు మొదటి మెట్టుమీదనే నిలిచిపోవును. ఇంతకంటె కీడైనది రెండవ రకము. నలుగురి ముందు తప్పులు ఏకరువు పెట్టుటచే సంకోచముగల స్త్రీలు, వయసు చెల్లినవారు మరల పాట పంపరు. భజన గోష్ఠిలో ప్రక్కవాడు గట్టిగా పాడి దారికి తెచ్చెడివాడని పైన చెప్పబడినది. దానికి సరియైన మర్యాద ఇచ్చటను లేకపోలేదు. 'అన్నా, అనుపల్లవి హాయిగా నున్నది. చరణములో కాలము కొంచెము పరుగెత్తినట్లున్నది' అని విడిగా ఒక మాట చెప్పి, ఆ రెండు పంక్తులను తాను పాడి పంపువాడే మంచి స్నేహితుడు. ఒకమారు ఒక్క దోషము చాలును. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతకు ఈ గోష్ఠులలో క్రొత్త అర్థము వచ్చినది: ఇచ్చట ఇల్లే రచ్చ.

సినిమా పాటల కరోకే ముద్రణములను యూట్యూబ్‌లో పెట్టినవారికి హక్కుదారులనుండి అభ్యంతరములు వచ్చుట కలదు. 1957 నాటి కాపీరైట్ చట్టము ప్రకారము రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరముల వరకు రచనపై హక్కు నిలుచును. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కృతులకు ఈ బాధ లేదు. కాని ఒక విద్వాంసుడు పాడిన ముద్రణముపై హక్కు వేరు.

తుదకు పాత క్యాసెట్ల విషయము త్వరపడవలసినది. అటకలమీద నున్న టేపులకు బూజు పట్టుచున్నది, వానిని వాయించు యంత్రములు మూలపడినవి, పాడిన అవ్వలలో చాలమంది నేడు లేరు. అట్టి టేపును వాయించుటకు ముందు ఒకమారు పూర్తిగా ముందుకు, మరల వెనుకకు చుట్టవలెను. స్పీకరు ఎదుట ఫోను పట్టుకొని ముద్రించుటకంటె, యంత్రపు ఇయర్‌ఫోను రంధ్రమునుండి తీగతో కంప్యూటరునకు కలిపి ముద్రించుట ఎంతయో మేలు. వాట్సాప్‌లో గొంతు సందేశముగా ముద్రించి పంపినది నలిగి చిన్నదగును గనుక మూల ఫైలును రెండు చోట్ల వేరుగా దాచవలెను. పాట ఏది, పాడినవారెవరు, ఏ ఊరు, ఏ యేడు అను సంగతులను ముద్రణము మొదటనే నోటితో చెప్పవలెను. ఫైలు పేరు చేతులు మారునప్పుడు మారిపోవును. పాట నడుమ దగ్గు, పొయ్యి చప్పుడు, ఎవరో పిలిచిన పిలుపు వినబడినను వానిని కత్తిరింపరాదు.